మొదటి చూపు ఎదురుగా, తర్వాతి వైద్యం ఫోనులో

సోరియాసిస్‌తో బాధపడేవాళ్లలో చాలామందికి జబ్బు ముదిరేది మధ్యలో వైద్యం తెగిపోవడం వల్ల. జిల్లా కేంద్రానికో, విశాఖకో, హైదరాబాద్‌కో వెళ్లి చర్మవ్యాధుల నిపుణులకు చూపించుకుంటారు. డాక్టరు పూతమందు, మాత్రలు రాసి నెల తర్వాత రమ్మంటారు. నెల తిరిగేసరికి పొలుసులు తగ్గుముఖం పడతాయి. తగ్గింది కదా అని ఒకరు, ఒక రోజు కూలి పోతుందని ఇంకొకరు, పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి వెళ్లాలో తెలియక మరొకరు మళ్లీ ఆ గడప తొక్కరు. పాత మందుల చీటీ చూపించి మెడికల్ షాపులో అదే ఆయింట్‌మెంట్ నెలల తరబడి కొంటారు. కొన్నాళ్లకు అదీ పనిచేయదు. జబ్బు రెట్టింపై తిరిగొస్తుంది, అప్పుడు నాటు మందులవాళ్ల వంతు వస్తుంది. ఆన్‌లైన్ వైద్యం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇదిగో, ఈ తెగిపోయే చోట మొదలవ్వాలి. సోరియాసిస్‌ను తొలిసారి నిర్ధారించడం మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చేయాల్సిన పని. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగే వైద్యంలో ఎక్కువ భాగాన్ని అదే డాక్టరు, అదే రికార్డుతో ఫోను మీద నడపవచ్చు, నడపాలి కూడా. ఈ క్రమం తలకిందులైతే, అంటే గుర్తించే పని ఫొటోకి వదిలేసి, కొనసాగింపు రోగి ఓపికకు వదిలేస్తే, ఆన్‌లైన్ వైద్యం మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

ఈ జబ్బు తీరు తెలిస్తే కొనసాగింపుకు ఎందుకంత విలువో అర్థమవుతుంది. మామూలుగా చర్మం పైపొర కణాలు పుట్టి, పైకి వచ్చి, రాలిపోవడానికి సుమారు 28 రోజులు పడుతుంది. సోరియాసిస్‌లో రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి ఆ పనిని మూడు నుంచి ఐదు రోజుల్లోనే ముగించేలా తరుముతుంది. రాలే తీరిక లేని కణాలు మోచేతులు, మోకాళ్లు, నడుము, తల మీద వెండి రంగు పొలుసులుగా పేరుకుంటాయి. ఇది అంటువ్యాధి కాదు, తాకితే రాదు, కలిసి భోంచేస్తే రాదు. పూర్తిగా పోగొట్టే మందు ఇంతవరకు లేదు, అదుపులో ఉంచే మందులు మాత్రం చాలా ఉన్నాయి. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ దీన్ని తీవ్రమైన అసాంక్రమిక వ్యాధిగా గుర్తిస్తూ తీర్మానం చేసింది. చర్మం దగ్గరే ఆగే జబ్బు కాదు గనక అంత మాట అనాల్సి వచ్చింది. ఈ రోగుల్లో నూటికి 30 మంది దాకా కీళ్లవాతం బారిన పడతారు. గుండెజబ్బు, మధుమేహం, మానసిక కుంగుబాటు వీళ్లలో మిగతావాళ్లకన్నా ఎక్కువ. మన దేశంలో వేర్వేరు ఆసుపత్రుల లెక్కల్లో చర్మరోగులలో ఈ జబ్బు వాటా 0.44 నుంచి 2.8 శాతం దాకా కనిపించింది. ఊళ్లలోని మొత్తం జనాభాలో నూటికి ఒక్కరికే ఉందనుకున్నా, 2011 జనాభా లెక్కల్లో 8.46 కోట్లున్న రెండు తెలుగు రాష్ట్రాల్లో రోగుల సంఖ్య ఎనిమిది లక్షలు దాటుతుంది. ఇంతమందిని నెలనెలా నగరానికి రప్పించుకుని చూడటం ఏ ఆసుపత్రికీ అయ్యే పని కాదు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు సుమారు 300 కిలోమీటర్లు. పది నిమిషాల పరీక్ష కోసం అంత దూరం వచ్చి పోవడానికి రెండు రోజులు పడుతుంది.

దూరం నుంచి నడిపే వైద్యం నిజంగా సరిపోతుందా? దీనికి అంచనాలతో పనిలేకుండా జవాబు చెప్పే ప్రయోగం ఒకటి ఉంది. 2018లో జామా నెట్‌వర్క్ ఓపెన్ పత్రికలో అచ్చయిన ఆ అధ్యయనంలో అమెరికాలోని కాలిఫోర్నియా, కొలరాడో రాష్ట్రాలకు చెందిన 296 మంది సోరియాసిస్ రోగులను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఎప్పటిలా క్లినిక్‌కు వెళ్లింది. రెండో జట్టులో రోగులో, వాళ్ల కుటుంబ వైద్యులో ఫొటోలు, వివరాలు ఆన్‌లైన్‌లో పంపితే చర్మనిపుణులు చూసి మందులు సూచించారు. ఏడాది తర్వాత కొలిస్తే జబ్బు తీవ్రత రెండు జట్లలోనూ సమానంగా తగ్గింది. ఇందులో వింతేమీ లేదు. సోరియాసిస్ ఎంత తగ్గిందో చూడటానికి డాక్టర్లు వాడే కొలతలో ఎరుపు, మందం, పొలుసు, ఎంత మేర పాకింది అన్నవే ముఖ్యం. రోగి అరచెయ్యి వేళ్లతో సహా ఒంటి మొత్తం చర్మంలో సుమారు ఒక శాతం అని లెక్క. నాలుగు అరచేతులంత ఉన్న మచ్చలు రెండు అరచేతులంత అయ్యాయా లేదా అన్నది మంచి వెలుతురులో తీసిన ఫొటోలో తెలుస్తుంది. దురద ఎలా ఉందో, నిద్ర పడుతోందో లేదో రోగి నోటితో చెబుతాడు. లివరు, రక్తకణాల సంగతి ల్యాబ్ రిపోర్టు చెబుతుంది. మందు పెంచాలా, తగ్గించాలా, మార్చాలా అని తేల్చడానికి ఇవి చాలు.

అయితే ఈ అధ్యయనాన్ని చూపించి ‘ఫోనులో అంతా అయిపోతుంది’ అనేవాళ్లు ఒక సంగతి దాటేస్తున్నారు. అందులో చేరినవాళ్లకు సోరియాసిస్ అని డాక్టరు ముందే నిర్ధారించారు. వాళ్లకు దగ్గర్లో ఒక కుటుంబ వైద్యుడు ఉన్నాడు. ఫొటోలు ఎలా తీయాలో నేర్పించారు. మన దగ్గర ఈ మూడూ లేని మనిషి రాత్రి పదింటికి సరిగా వెలుగు లేని గదిలో మోచేతిని సెల్‌ఫోన్ కెమెరాతో తీసి, ఏదో యాప్‌లో పెడుతున్నాడు. ఆ ఫొటో మీద ఏ నిపుణుడైనా ఏం తేల్చగలడు? సోరియాసిస్‌ను పోలిన జబ్బులు డజను ఉన్నాయి. తామర, తలలో ముదిరిన చుండ్రు, లైకెన్ ప్లానస్, చేతుల మీద వచ్చే ఎగ్జిమా, సిఫిలిస్ రెండో దశ మచ్చలు, కొన్ని రకాల కుష్ఠు మచ్చలు, అరుదుగా చర్మానికి వచ్చే ఒక తరహా క్యాన్సర్ కూడా ఫొటోలో సోరియాసిస్‌లా కనిపించగలవు. పాఠ్యపుస్తకాల్లో తెల్లతోలు మీద చూపించే ఎర్రటి మచ్చ మన చామనఛాయ ఒంటి మీద వంకాయ రంగులోనో, గోధుమ రంగులోనో ఉంటుంది. ఫోను కెమెరా సొంతంగా చేసే రంగుల సవరణ దాన్ని ఇంకా మారుస్తుంది. మచ్చ ఎంత మందంగా ఉందో వేలితో నొక్కి చూస్తేనే తెలుస్తుంది. పొలుసును మెల్లగా గీకితే కింద గుండుసూది మొనంత రక్తపు చుక్కలు కనిపించడం ఒక గుర్తు. గోళ్ల మీద సూదితో పొడిచినట్టుండే చిన్న గుంటలు మరో గుర్తు. చెవి వెనక, బొడ్డులో, పిరుదుల మధ్య ఉన్న మచ్చలను చూపించాలని రోగికి తోచదు, తోచినా సిగ్గుపడతాడు. ఎదురుగా కూర్చున్న డాక్టరు అడిగి చూస్తారు. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతున్నాయా, మడమ నొప్పి ఉందా అని వాకబు చేసి, వాచిన వేలిని పట్టుకుని చూస్తారు. కీళ్లవాతం అక్కడే దొరుకుతుంది. నెలల తరబడి దొరక్కపోతే కీలు అరిగిపోతుంది, అరిగిన కీలును ఏ మందూ వెనక్కి తేలేదు.

తప్పు నిర్ధారణ వల్ల మన దేశంలో జరిగే నష్టానికి ప్రత్యేక కారణం ఒకటి ఉంది, అది స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్. తామరకు స్టెరాయిడ్ రాస్తే మొదటి వారం దురద తగ్గుతుంది, మచ్చ రూపు మారుతుంది, కింద ఫంగస్ మాత్రం మరింత పాకుతుంది. రూపు మారిన ఆ తామర సోరియాసిస్‌లా, సోరియాసిస్ తామరలా కనిపించే స్థితికి వస్తుంది. పదేళ్లుగా దేశంలో మొండి తామర పెరిగిపోవడానికి విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్ మిశ్రమాలు ఒక కారణమని చర్మవైద్యులు మొత్తుకుంటూనే ఉన్నారు. వాళ్ల సంఘం ఒత్తిడి వల్లే 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. సోరియాసిస్‌లో ప్రమాదం ఇంకో రకంగా ఉంటుంది. క్లోబెటాసోల్ లాంటి గట్టి స్టెరాయిడ్‌ను డాక్టరు రెండు మూడు వారాలకు రాస్తే రోగి ఏడాది రాస్తాడు, చర్మం కాగితంలా పలచబడుతుంది. స్టెరాయిడ్ మాత్రలో, ఇంజెక్షన్లో ఎవరైనా ఇచ్చి హఠాత్తుగా ఆపేస్తే ఒంటి నిండా చీము పొక్కులు రావచ్చు, ఒళ్లంతా ఎర్రబారి ప్రాణం మీదికి రావచ్చు. పది ప్రశ్నల ఫారం నింపించుకుని, రెండు ఫొటోలు తీసుకుని, మూడో రోజుకు ఆయింట్‌మెంట్ల పెట్టె ఇంటికి పంపే వ్యాపారం ఈ నేపథ్యంలో సౌకర్యమూ కాదు, వైద్యమూ కాదు. మెడికల్ షాపు కౌంటర్ మీద జరిగే తప్పునే అది కొరియర్‌లో పంపిస్తోంది. సలహా ఇచ్చేవాళ్లూ, మందు అమ్మేవాళ్లూ ఒకరే అయినప్పుడు ‘మీకు మందు అవసరం లేదు, పక్క ఊరి డాక్టరుకు చూపించండి’ అనే మాట వాళ్ల నోట రావడం కష్టం.

నిబంధనలు కూడా ఈ తేడాను గుర్తించాయన్నది చాలామందికి తెలియదు. 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, మునుపు ఎదురుగా చూసిన డాక్టరునే అదే జబ్బుకు ఆరు నెలల్లోపు సంప్రదిస్తే అది కొనసాగింపు వైద్యం, లేదంటే మొదటి సంప్రదింపు కిందే లెక్క. మొదటిసారి వీడియోలో రాయదగిన చర్మం మందులకు అందులో ఉదాహరణగా ఇచ్చినవి క్లోట్రిమజోల్, ముపిరోసిన్, కాలమైన్ లోషన్, బెంజైల్ బెంజోయేట్ లాంటి సురక్షితమైనవి. డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు చూపాలి, రికార్డు దాచాలి. కృత్రిమ మేధ సొంతంగా మందు రాయకూడదు. ఎదురుగా చూడాల్సిందేనని డాక్టరుకు అనిపిస్తే ఎప్పుడైనా సంప్రదింపు ఆపేయవచ్చు. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉంది. అమలును అడిగేవాళ్లు లేరు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. మొదటి చూపు ఎదురుగానే ఉండాలంటే, నిపుణుడు లేని మండలంలో ఉన్న మనిషి ఏం కావాలి? అతనికి ఆన్‌లైన్ కూడా వద్దంటే నాటు మందే గతి కదా? న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు మన దగ్గరే ఉంది. కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని సేవను ఆరోగ్య ఉపకేంద్రాల స్థాయిలో 2019 నవంబర్‌లో దేశంలో అందరికన్నా ముందు ప్రారంభించిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఆ పద్ధతిలో రోగి ఒంటరిగా ఫోను ముందు కూర్చోడు. పక్కన శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త ఉంటారు, అవతల డాక్టరు ఉంటారు. సోరియాసిస్‌కు కావాల్సింది సరిగ్గా ఈ అమరికే. నిపుణులు అవతలి నుంచి ‘ఆ పొలుసు కాస్త గీకండి, గోళ్లు కెమెరాకు దగ్గరగా పెట్టండి, ఈ వేలు నొక్కితే నొప్పి ఉందా అడగండి’ అంటే ఇవతలివాళ్లు చేస్తారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కఫం, మలేరియా పరీక్షలకు వాడే మైక్రోస్కోపే పొలుసులో ఫంగస్ ఉందో లేదో చూడటానికీ పనికొస్తుంది. ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం, ఒక గాజు పలక, పది పదిహేను నిమిషాలు చాలు. తామరో, సోరియాసిసో తేల్చుకోవడంలో సగం గొడవ అక్కడే తీరిపోతుంది. ఎదురుగా చూడటం అంటే నగరంలో పేరున్న డాక్టరు గదిలోనే చూడటం అని కాదు. రోగి పక్కన తాకి చూసే చెయ్యి ఒకటి ఉండాలి, ఆ చేతికి ఏం చూడాలో తెలిసి ఉండాలి. అప్పటికీ సందేహం మిగిలితే జిల్లా ఆసుపత్రికి ఒక్క ప్రయాణం తప్పదు. జీవితకాలపు జబ్బుకు అది పెద్ద భారం కాదు.

ఒకసారి నిర్ధారణ అయ్యాక ఆన్‌లైన్ వైద్యం ఎంత పనికొస్తుందో చెప్పడానికి మెథోట్రెక్సేట్‌ను మించిన ఉదాహరణ లేదు. ఒక మోస్తరు నుంచి తీవ్రమైన సోరియాసిస్‌కు మన దేశంలో దశాబ్దాలుగా ఎక్కువగా వాడేది ఈ మాత్రే. చవక, బాగా పనిచేస్తుంది, కానీ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మూలుగ దెబ్బతిని, నోరంతా పుండ్లు పడి, ప్రాణాలు పోయిన సంఘటనలు ప్రపంచమంతటా ఉన్నాయి. దీన్ని వాడేవాళ్లు మద్యం ముట్టకూడదు, గర్భిణులు అసలే వాడకూడదు, రక్తకణాలూ లివరూ క్రమం తప్పకుండా పరీక్షించుకుంటూ ఉండాలి. ఇంత జాగ్రత్త కావాల్సిన మందును ఫోనులో రాయడమా అని కొందరు డాక్టర్లు కంగారు పడతారు. నిజానికి ఈ మందు ప్రమాదమంతా రెండు సంప్రదింపుల మధ్య ఎవరూ చూడని కాలంలో ఉంది. నగరానికి వెళ్లలేక ఆరు నెలలు రక్తపరీక్ష లేకుండా అదే మాత్ర మింగే రోగికన్నా, మండల కేంద్రంలో రక్తం ఇచ్చి, రిపోర్టు ఫోనులో పంపి, పది నిమిషాలు డాక్టరుతో మాట్లాడే రోగి ఎంతో భద్రంగా ఉంటాడు. ‘ఏ రోజు వేసుకుంటున్నారు?’ అన్న ఒక్క ప్రశ్న ప్రతి సంప్రదింపులో అడిగినా ఒక ప్రాణం నిలబడవచ్చు. ఖరీదైన ఇంజెక్షన్ల సంగతి వేరు. బెంగళూరు కంపెనీ బయోకాన్ 2013లో తెచ్చిన ఇటోలిజుమాబ్ మొదలు ఇటీవలి మందుల దాకా చాలావాటిని మొదలుపెట్టే ముందు లోపల క్షయ దాగి ఉందేమో చూడాలి. ఆ మొదలు ఆసుపత్రిలోనే జరగాలి.

కాంతి చికిత్సలోనూ ఇదే ధోరణి కనిపిస్తోంది. వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి వచ్చి అతినీలలోహిత కాంతి కింద నిలబడటం పని చేసుకు బతికేవాళ్లకు కుదరదు. 2024లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో 783 మందిని రెండు జట్లు చేసి చూస్తే, ఇంట్లో తీసుకున్న కాంతి చికిత్స ఆసుపత్రిలో తీసుకున్నదానికి ఏమాత్రం తీసిపోలేదు. మన ఇళ్లకు ఆ పరికరం ఇప్పట్లో అందుబాటు ధరలో రాకపోవచ్చు. పీహెచ్‌సీకి ఒకటి ఉండి, మోతాదు నగరంలోని డాక్టరు నిర్ణయిస్తే మాత్రం చాలామంది కూలీలకు ఈ వైద్యం అందుతుంది.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు, వాడటం రాని పెద్దవాళ్లు నష్టపోతారన్నది ఇంకో అభ్యంతరం. నిజమే, అందుకే ఊరి ఆరోగ్య కేంద్రం ద్వారా సాగే పద్ధతికే ప్రభుత్వం డబ్బు పెట్టాలి. ఫొటోల గోప్యత గురించిన భయం అంతకన్నా లోతైనది. ఇంట్లో అందరికీ ఒకే ఫోను ఉన్నచోట ఒక ఆడపిల్ల తన ఒంటి ఫొటో ఆ గ్యాలరీలో ఉండటానికి ఒప్పుకోదు, ఒప్పుకోమనకూడదు కూడా. పెళ్లి సంబంధాల వేళ సోరియాసిస్ అన్న మాట బయటికి పొక్కితే ఏమవుతుందో తెలుగు ఇళ్లలో అందరికీ తెలుసు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది కానీ, వాట్సాప్‌లో డాక్టరుకు పంపిన ఫొటోలు ఇరువైపులా ఫోన్లలో ఏళ్లపాటు పడి ఉంటాయి. వాట్సాప్ ఫొటోను వైద్య రికార్డుగా చలామణి చేయడం ఆగాలి. ఆరోగ్య కేంద్రం ట్యాబ్‌లో తీసి నేరుగా రికార్డులోకి చేరే ఏర్పాటు ఉంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. విదేశాల్లో ఉంటూ హైదరాబాద్ డాక్టరుకు ఫొటోలు పంపే తెలుగువాళ్లకూ ఒక మాట. మన మార్గదర్శకాలు దేశం వెలుపలి సంప్రదింపులకు వర్తించవు, అమెరికాలోనైతే రోగి ఉన్న రాష్ట్రపు లైసెన్సు డాక్టరుకు ఉండాలి. మీ మందులకూ పరీక్షలకూ బాధ్యత వహించే డాక్టరు మీరున్న చోటే ఉండాలి.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు చేయాల్సిన పని పెద్దది కాదు. ప్రతి బోధనాసుపత్రి చర్మవ్యాధుల విభాగం వారంలో ఒక పూట తన పాత సోరియాసిస్ రోగుల కోసం ఫోను ఓపీ పెట్టాలి. ఆ పూటను డాక్టర్ల డ్యూటీగా లెక్కించాలి, మిగిలిన సమయంలో చూసుకోమంటే జరగదు. పీహెచ్‌సీల్లో ఫంగస్ పరీక్ష, మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు రక్తపరీక్షలు ఉచితంగా చేయాలి. చూడకుండా స్టెరాయిడ్ పంపే యాప్‌ల మీద ఔషధ నియంత్రణ విభాగం కేసులు పెట్టాలి.

ఇక ఈ జబ్బుతో ఉన్న పాఠకులకు. ఇంతవరకు ఏ డాక్టరూ మీ మచ్చను చేత్తో తాకి చూసి ఉండకపోతే, ముందు ఆ పని చేయించుకోండి. చూపించుకున్నాక, తర్వాతి సంప్రదింపులు ఫోనులో చేయవచ్చా అని ఆ డాక్టరునే నోరు తెరిచి అడగండి. ఫొటో పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి తీయండి. వాడిన ప్రతి మందు పేరూ చెప్పండి, షాపులో అడిగి కొన్నదైనా, ఊళ్లో ఎవరో ఇచ్చిన పొడి అయినా దాచకండి. మెథోట్రెక్సేట్ వేసుకునే రోజు పేరు అట్ట మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పెట్టుకోండి. ఒళ్లంతా ఎర్రబారినా, చీము పొక్కులు లేచినా, జ్వరం తగిలినా, పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోలేకపోతున్నా ఫొటో తీస్తూ కూర్చోకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.